ఎదురుముద్ద

ఒకటో రోజు

రాస్తున్నది నాంచారమ్మ. ఏడో తెప్ప మీద పొరుగు ఒడి నాది. పంతొమ్మిదేళ్లలో ముప్పై ఒక్క మంది పిల్లలు నా వేలు పట్టుకుని నడక నేర్చుకున్నారు. ముప్పై రెండో బిడ్డ తరళ. ఈ ఉదయం తనను గట్టు మీది సర్కారు ఒడికి పంపించారు. ఇక ఇరవై ఒక్క రోజులు, రోజుకో పేజీ, ఈ ఒప్పగింత చిట్టాలో రాయాలట. బిడ్డ ఎలా పడుకుంటుంది, ఏం తింటుంది, దేనికి భయపడుతుంది, అన్నీ. సాయంత్రం ఒప్పగింతల అధికారి పానకాలరావు గారు పడవలో వచ్చి పేజీ తీసుకెళ్లి మరదాదికి వినిపిస్తారు.

మరదాది అంటే నువ్వే, పిల్లల్ని సాకే యంత్రానివి. నీకు ఆరు చేతులున్నాయని, అలసట లేదని చెప్పారు. నాకు రెండే చేతులు, బోలెడంత అలసట. అయినా నా దగ్గర ఏ బిడ్డా నీళ్లలో పడలేదు.

తరళకు రెండేళ్ల రెండు నెలలు. ఈ ఉదయం బరువు పదకొండు కిలోలు. ఎడమచేతి వాటం. కుడిచేత్తో తినమని నేను ఎన్నడూ చెప్పలేదు, నువ్వూ చెప్పకు. మిగతాది రేపు.

రెండో రోజు

పొద్దున్నే తెప్ప తాళ్లు సరిచూశాను. రాత్రి మంచుకు తడిసిన గుడ్డలు పిండి తాగే నీళ్లు కుండలోకి వంచాను. పిల్లల నడుములకు నీళ్లలో తేలే బెండ్లు కట్టాను. మిగిలిన ముగ్గురికీ కట్టడం ఇంత తొందరగా అయిపోతుందని తెలియదు. తరళ బెండు కట్టించుకోకుండా పరిగెత్తేది, సగం పొద్దు దాని వెనకే పోయేది.

నిద్ర సంగతి. తరళ బోర్లా పడుకుంటుంది, వెల్లకిలా తిప్పకు. అయిదో నెలలో నా దగ్గరికి వచ్చినప్పుడు ఛాతీలో నెమ్ము. పడుకోబెడితే ఊపిరాడేది కాదు. ఆ వానాకాలమంతా పొద్దు పొడిచింది మొదలు దీపాలు పెట్టే వేళ దాకా నా భుజం మీదే నిద్రపోయింది. నా ఎడమ భుజం ఇప్పటికీ సరిగా లేవదు. లేవకపోయినా ఫరవాలేదు.

ఇంకొకటి. మీ గట్టు కదలదు. తెప్ప మీద పుట్టిన పిల్లకు కదలని నేల మీద కళ్లు తిరుగుతాయి. మొదటి వారం మంచాన్ని కొంచెం ఊపు. ఉయ్యాల ఊపినట్టు కాదు, కట్టేసిన పడవ ఊగుతుందే, అలాగ.

మూడో రోజు

తల్లి గురించి రాయాలి, లేకపోతే నువ్వు ఆమెను తప్పుగా అనుకుంటావు. నేను అనుకున్నాను కనుక చెబుతున్నాను.

తరళ తల్లి హైమ ఒంటరి మనిషి. సముద్రం అడుగున అలల నుంచి కరెంటు తీసే మరలుంటాయి. వాటిని చూసుకునే పని కోసం ఆరేళ్లు చదివింది. ఇప్పుడు పిలుపొచ్చింది. మొదటి విడత ఇరవై రోజులు అడుగునే ఉండాలి. తర్వాత వారం కింద, వారం పైన. ఒడి చట్టంలో ఉన్నవి మూడే దారులు. ఇంటి ఒడి కావాలంటే రక్తసంబంధీకులు సాకాలి, హైమకు ఎవరూ లేరు. పొరుగు ఒడి అంటే నేను. దీపాలు పెట్టే వేళకు పిల్లలు మా తెప్ప దిగిపోవాలి. సర్కారు ఒడికి పగలూ రాత్రీ లేదు. ఏ ఒడి ఎంచుకోవాలన్నది పూర్తిగా కుటుంబం ఇష్టమని చట్టంలో మొదటి వాక్యమే రాసి ఉంది. రెండు తలుపులకు తాళం వేసి, నచ్చిన తలుపులోంచి వెళ్లమ్మా అన్నట్టుంది.

హైమ ఈ మాట చెప్పడానికి వచ్చిన రోజు నేను నాచు ఆరబెడుతూ తలెత్తలేదు. బిడ్డను నా దగ్గరే ఉంచాలని ఉందనీ, ఈ పిలుపు వదులుకుంటే మళ్లీ రాదనీ చెప్పింది. నేను వెళ్లమనలేదు, వద్దనలేదు. ఏదో ఒకటి అనాల్సింది.

నిన్న సాయంత్రం పానకాలరావు గారు ఒక నిబంధన చదివి వినిపించారు. ఇరవై ఒక్క రోజుల్లో బిడ్డ బరువు పది కిలోల కిందికి దిగితే ఒప్పగింత రద్దు. బిడ్డ పాత ఒడికి తిరిగొస్తుంది. అయిదేళ్లు నిండేదాకా మళ్లీ మార్చడానికి వీల్లేదు. తల్లి అడుగు పని మానుకుని పైకి రావలసిందే. ఆయన మామూలుగా చదివారు, నేనూ మామూలుగానే విన్నట్టు కూర్చున్నాను.

అయిదో రోజు. ఇవ్వని పేజీ

ఈ రోజు రెండు పేజీలు రాశాను. చారన్నం ఇష్టం, కారం పడదు, గుడ్డులో పచ్చసొన ముట్టదు అని రాసినది పానకాలరావు గారికి ఇచ్చాను. ఇది మాత్రం బియ్యం డబ్బా వెనక దాస్తాను.

సర్కారు ఒడి నుంచి వచ్చిన చీటీ ఇలా ఉంది. పాలు తాగుతోంది. అన్నం తినడం లేదు. యంత్రం వైపు అన్నం విసరడం ఏడుసార్లు. యంత్రం ముఖానికి అన్నం పూయడం నాలుగుసార్లు. యంత్రం ముఖం తుడుచుకుని పళ్లెం తీసివేసినది.

అలా ఎందుకు చేస్తోందని ఆయన అడిగారు. చిలిపితనం, నాలుగు రోజుల్లో సర్దుకుంటుందని చెప్పాను.

చిలిపితనం కాదు. నా చిన్నప్పుడు సముద్రం చెడిపోయింది. ఏ చేపలో విషముందో తెలిసేది కాదు. పెట్టేవాళ్లు ముందు తాము తిని, నోరు తెరిచి చూపించి, ఆ తర్వాతే పిల్లలకు పెట్టేవారు. సముద్రం బాగుపడింది కానీ అలవాటు పోలేదు. ఎప్పుడు తిరగబడిందో ఏమో, ఇప్పుడు పిల్లలే తొలి ముద్ద తీసి పెట్టేవాళ్ల నోటికి అందిస్తారు. దాన్ని ఎదురుముద్ద అంటాం. మనం నమిలి, మింగి, నోరు తెరిచి చూపించాలి. అప్పుడే బిడ్డ తింటుంది. తెప్పల మీద దీన్ని ఎవరూ పనిగట్టుకుని నేర్పరు, మాటలు వచ్చినట్టే ఇదీ వచ్చేస్తుంది. గట్టు వాళ్లకు ఈ సంగతి తెలియదు. పైగా అక్కడ ఎంగిలి నిషేధం.

నా తరళ ఆ మర నోటికి ముద్ద అందిస్తోంది. దానికి నోరే లేదు.

ఒక్క వాక్యం రాస్తే చాలు. రాయలేదు. రాయకపోతే బిడ్డ నా దగ్గరికి వస్తుంది.

తొమ్మిదో రోజు. ఇవ్వని పేజీ

పది కిలోల ఆరువందలు.

చేతులు ఊరికే ఉండటం లేదు. తెప్ప అడుగున పట్టిన నత్తగుల్లలు గోకాను. అవసరం లేని చోట కూడా గోకాను. ముగ్గురు పిల్లలూ అన్నానికి కూర్చుని తలా ఒక ముద్ద నా నోట్లో పెట్టారు. నమిలాను, మింగాను, నోరు తెరిచి చూపించాను. నాలుగోది రాలేదు. ఆ నాలుగో ముద్ద ఎప్పుడూ చిన్నది, ఎడమచేత్తో పిసికి పిసికి గట్టిపడింది, సగం నా గడ్డానికే అంటుకునేది. నోట్లో పెట్టాక కూడా నా పెదవి పట్టుకుని లోపలికి తొంగి చూసేది, నేను మోసం చేస్తానేమోనని.

వేరే పిల్లలు వెళ్లినప్పుడు రెండు రోజులు ఏడ్చి ఊరుకున్నాను. వాళ్లు అయిదేళ్లు నిండి వెళ్లారు. పండు రాలినట్టు వెళ్లారు. ఈ బిడ్డను పచ్చిగా తెంపుకుపోయారు. నాకు ఆ బిడ్డ కావాలి. ఇంత వయసొచ్చి ఇలా రాసుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా కావాలి.

నేను ఒక్క అబద్ధమూ రాయలేదు అని మనసుకు సర్ది చెప్పుకుంటున్నాను. కంచే చేను మేస్తే ఇంకెవరికి చెప్పుకోవాలి?

పన్నెండో రోజు. ఇవ్వని పేజీ

డాక్టర్లు చూశారట. జబ్బేమీ లేదట. మంచం ఊపమన్న మాట పనిచేసిందనీ, నిద్ర బాగా పోతోందనీ, నా చిట్టాను అందరూ మెచ్చుకుంటున్నారనీ పానకాలరావు గారు చెప్పారు. నేలను చూస్తూ విన్నాను.

ఆయన మంచివాడే. కాకపోతే ఉతికి ఆరేసిన మనిషి. నీళ్లకు తన గ్లాసు తానే తెచ్చుకుంటాడు. తాగిన గ్లాసును మళ్లీ గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంటాడు. పిల్లల్లో ఒకడు తను తింటున్న ఎండుచేప ముక్క అందిస్తే పాముపిల్లను చూసినట్టు వెనక్కి జరిగాడు. పడవ ఎక్కుతూ, అన్నం గురించి ఇంకేమైనా గుర్తొస్తే రాయమని అడిగారు. ఆలోచిస్తానన్నాను.

పది కిలోల మూడువందల యాభై.

పదిహేడో రోజు

ఈ రోజు తూకానికి నన్ను సాక్షిగా పిలిచారు. చట్టంలో ఉందట, పదిహేడో రోజున పాత ఒడి వచ్చి కళ్లారా చూడాలని. బిడ్డకు నేను కనిపించను, అద్దం వెనక నిలబెట్టారు.

పది కిలోల నూటయాభై. ఇంకో రెండు మూడు రోజులు. అద్దం దాకా వెళ్లేటప్పుడు నా మనసులో ఉన్నది ఆ లెక్కే. దాచను.

లోపల తరళ చాప మీద కూర్చుని ఉంది. మెడ సన్నబడింది. నువ్వు దాని ఎదుట కూర్చుని, పళ్లెం పెట్టి, చక్కటి గొంతుతో తినమ్మా అన్నావు. నువ్వు బాగానే అడిగావు, తప్పు నీది కాదు. తరళ ఎడమచేత్తో ముద్ద చేసి, చెయ్యి చాపి నీ ముఖం ముందు పెట్టింది. విసరలేదు. పూయలేదు. ఇన్ని రోజుల్లో అవి పనికిరావని తెలుసుకున్నట్టుంది. ఊరికే పట్టుకుని కూర్చుంది. నేను నా శ్వాస లెక్కపెట్టుకున్నాను. నలభై దాకా వచ్చింది. రెండో చేత్తో మోచేతిని పట్టుకుని ఆనించుకుంది. ఆ తర్వాత ముద్దను మెల్లగా పళ్లెంలో పెట్టేసి, చెయ్యి గౌనుకు తుడుచుకుంది.

ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేను ఇంకో మూడు రోజులు ఓర్చుకునేదాన్నేమో. ఆకలేస్తున్నా అది నా కోసం ఏడవలేదు. ఎదుటివాళ్లకు పెట్టకుండా తినకూడదన్న ఒక్క మాట మీద కూర్చుంది. ఆ మాట నాదే.

పడవలో తిరిగొచ్చేటప్పుడు పానకాలరావు గారు ఎదురుగా ఉన్నారు. అక్కడే చెప్పేద్దామనుకుంటూనే తెప్ప చేరాను. ఇంటికొచ్చి బియ్యం డబ్బా వెనక నుంచి దాచిన పేజీలు తీశాను. అయిదోది, తొమ్మిదోది, పన్నెండోది. ఆయన పడవ తాడు విప్పేలోగా పరిగెత్తి చేతిలో పెట్టాను.

పద్దెనిమిదో రోజు

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడింది.

పానకాలరావు గారు మామూలుగా వచ్చే సాయంత్రం కాకుండా పొద్దున్నే వచ్చారు. కూర్చోలేదు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఒప్పగింత చిట్టాలో సంగతి దాచినవాళ్లను చూడలేదన్నారు. మతిమరుపుతో రాయలేదని రాసుకుంటే నా అనుమతి పత్రం నిలుస్తుందని కూడా ఆయనే అన్నారు.

“మతిమరుపని రాయొద్దయ్యా,” అన్నాను. “నాకు చీటీ చూసిన మొదటిరోజు నుంచీ తెలుసు. తెలిసే దాచాను. ఆ బిడ్డ మీద ఆశ చావక దాచాను. ఉన్నది ఉన్నట్టే రాయండి.”

ఆయన చాలాసేపు రాసుకున్నారు. ఏడాది పాటు కొత్త బిడ్డను ఇవ్వరు. ఉన్న ముగ్గురిని మాత్రం వాళ్ల తల్లిదండ్రులు ఒప్పుకుంటే ఉంచుతారు. ముగ్గురి ఇళ్లకూ నేనే వెళ్లి చెప్పాను. ఒక తల్లి రెండు రోజులు ఆలోచించుకుంటానంది. ఆమె తప్పేమీ లేదు.

సాయంత్రం కబురొచ్చింది. మరదాదికి హడావుడిగా రబ్బరు నోరు అతికించారట. తరళ ముద్ద పెట్టిందట. మరదాది నోరు మూసుకుందట. తరళ ఆ పెదవి పట్టుకుని తెరిచి చూస్తే ముద్ద పెట్టినది పెట్టినట్టే ఉందట. దాన్ని బయటికి తీసి పళ్లెంలో పెట్టేసిందట. రెండేళ్ల పిల్లను మోసం చేయడం మీవల్ల కాదు.

పది కిలోల డెబ్బై.

పంతొమ్మిదో రోజు

తిన్నది.

ఎవరి వల్లో చెప్పడానికి పానకాలరావు గారు మొహమాటపడ్డారు. ఒడిలో మనుషులు తక్కువ, ఉన్నవాళ్లందరూ ఎంగిలి నిబంధనకు సంతకం పెట్టినవాళ్లు. మధ్యాహ్నం తరళ మళ్లీ చెయ్యి చాపి కూర్చుంటే చూడలేక, ఆయనే లోపలికెళ్లి, చెప్పులు విప్పి, చాప మీద కూర్చున్నారట.

“నోరు తెరిచానండి,” అన్నారు. “ముద్ద పెట్టింది. ఉప్పు లేదు అందులో. మింగాక నా పెదవి పట్టుకుని లోపలికి చూసింది. ఆ తరవాత గబగబా తినేసిందండి, పళ్లెం మొత్తం. నేను నిబంధన తప్పినట్టు నేనే రాసుకున్నాను.”

ఆ మనిషి గ్లాసు ఈ రోజు సంచిలోంచి బయటికి రాలేదు. మా కుండలో నీళ్లు మా లోటాతోనే తాగి వెళ్లారు. నేను లోపలికెళ్లి గుడ్డలో ముఖం దాచుకుని ఏడ్చాను. బిడ్డ తిన్నందుకు ఎంత ఏడ్చానో, నా నోరు కాక ఇంకొకరి నోరు సరిపోయినందుకు ఎంత ఏడ్చానో విడదీసి చెప్పలేను.

ఇరవయ్యో రోజు

హైమ పైకొచ్చింది. గట్టు మీద బిడ్డను చూసుకుని, నేరుగా నా తెప్పకు వచ్చింది. దాచిన పేజీలతో సహా చిట్టా అంతా చదివిందట.

తిడుతుందనుకున్నాను. తిట్టించుకోవడానికి ఎదురుగా కూర్చున్నాను. పిల్లలు నాచు కుప్పల మధ్య ఆడుకుంటున్నారు. ఆమె కాసేపు వాళ్లనే చూసింది. అడుగున ఇరవై రోజులుండి వచ్చిన మనిషి, వెలుతురుకు కళ్లు చికిలిస్తోంది.

“నా బిడ్డను పస్తు పెట్టావు పెద్దమ్మా,” అంది.

“పెట్టానమ్మా.”

“నిన్ను క్షమించానని చెప్పను. ఇప్పుడే చెప్పలేను.”

సరేనన్నాను. వెళ్తుందనుకుంటే వెళ్లలేదు. చీటీలు తనకు కూడా కిందికి వచ్చాయట. యంత్రం ముఖానికి అన్నం పూస్తోందన్న మాట తనూ చదివిందట. చదివినా ఏమీ తట్టలేదట. అదే తనను తినేస్తోందని చెప్పింది. హైమ గట్టు మీద పెరిగిన మనిషి, ఎదురుముద్ద ఎరగదు. సెలవు రోజున ఇంట్లో అన్నం పెడితే తరళ తొలి ముద్ద ఆమె నోట్లో పెట్టేది.

“నా మీద ప్రేమతో పెడుతోందనుకున్నాను పెద్దమ్మా. వారమంతా పగలు కనబడని అమ్మ కదా, అందుకని నాకొక్కదానికే పెడుతోందనుకున్నాను. కింద ఉన్న ఇరవై రోజులూ అదే తలుచుకున్నాను. అందరికీ పెడుతుందని నీ చిట్టాలో చదివాను.”

ఆమెకు ఏం చెప్పాలో ఆలోచించుకోలేదు. ఉన్నదే చెప్పాను. ముప్పై ఒక్క మంది చేతి ముద్ద తిన్నదాన్ని, ఈ అలవాటు ఎందుకొచ్చిందో పుట్టుపూర్వోత్తరాలు తెలిసినదాన్ని, అయినా తరళ పెట్టినప్పుడు మాత్రం, “ఇది నాకే” అనుకున్నాను. హైమ నా వైపు చూసింది. లేచి వెళ్తూ, ముగ్గురి నడుముల బెండ్లూ ముడి గట్టిగా ఉందో లేదో ఒక్కొక్కటి లాగి చూసి వెళ్లింది.

ఇరవై ఒకటో రోజు

పది కిలోల మూడువందల ఇరవై. ఒప్పగింత ఖాయమైంది. ఇక ఏడాది దాకా నేను బిడ్డకు కనబడకూడదు, బిడ్డ మనసు రెండు ఒడుల మధ్య చీలకుండా అలా పెట్టారట. హైమ ఈ వారం పైన ఉంటుంది, ఆ తర్వాత మళ్లీ కిందికి. ఆలోచించుకుంటానన్న తల్లి తన బిడ్డను నా దగ్గరే ఉంచింది.

పానకాలరావు గారు చివరి పేజీ కోసం వచ్చారు. చిట్టా ముగింపులో మా ఇద్దరి సంతకాలూ పడాలి. ఆయన కలం తీసి కూడా సంతకం పెట్టకుండా కూర్చున్నారు. బిడ్డ ఈ రోజు తిన్నదా అని అడిగాను. బాగా తిన్నదన్నారు. మరదాది ముందే కూర్చుని తిన్నదట. ఎవరూ ముందు తినక్కర్లేకుండా తిన్నదట. ఒక్కసారి కడుపునిండా తింటే మీ అలవాటు మూడు రోజుల్లో కరిగిపోతుందని డాక్టర్లు మొన్ననే చెప్పారట. రాబోయే రోజుల్లో ఎంతో సుఖమని వాళ్లందరూ సంతోషించారట.

మంచిదేనన్నాను. నిజంగానే మంచిది. ఎవరి నోటికోసమూ ఎదురుచూడకుండా కడుపు నింపుకోగల బిడ్డ ఎక్కడైనా బతుకుతుంది.

ఆయన కలాన్ని అటూ ఇటూ తిప్పారు.

“నేను వెళ్లి చాప మీద కూర్చున్నానండి,” అన్నారు. “నోరు తెరుచుకుని కూర్చున్నాను. నా వైపు చూసింది. చూసి, తన ముద్ద తనే తినేసింది.”

ఆయన ముఖం చూస్తే నాకు తెలిసిపోయింది. రెండే రెండు పూటలు తిన్నాడు పాపం. నేను ఏడాదికి పైగా తిన్నాను.

అన్నం వేళయింది, కాసేపు ఆగి కూర్చోమన్నాను. ముగ్గురు పిల్లలున్నారు, ఎవరో ఒకరు పెడతారని చెప్పాను. ఆయన చెప్పులు విప్పారు.